కిట్టీకో బొంత

1832లో లివర్‌పూల్ మురికివాడలను కలరా కమ్మేసింది. రోగం చెడుగాలి వల్ల వస్తుందని డాక్టర్లే నమ్మిన రోజులవి. శాస్త్రవేత్త కోచ్ కలరా క్రిమిని పట్టుకోవడానికి ఇంకా యాభై ఏళ్లుంది. డెనిసన్ వీధిలో నీళ్లు మరిగించే పెద్ద కాగు ఉన్నది కిట్టీ విల్కిన్సన్ ఇంట్లో. ఐర్లాండ్‌లోని డెర్రీలో పుట్టి, చిన్నప్పుడే నూలు మిల్లులో పనికి కుదిరిన మనిషి. రోగుల పక్కబట్టలు తెచ్చి మా ఇంట్లో ఉతుక్కోండని ఇరుగుపొరుగును పిలిచింది. వారానికో పెన్నీ తీసుకునేది. వాంతులతో, విరేచనాలతో తడిసిన దుప్పట్లను బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధి చేయడం, మరిగించడం దగ్గరుండి నేర్పింది. కలరా రోగి ఉన్న ఇంటి గుమ్మం తొక్కడానికే జనం జంకే కాలంలో ఆ గుడ్డలను తన వంటింట్లోకి రానిచ్చిన ధైర్యం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పదేళ్లకు ఫ్రెడరిక్ వీధిలో నగరమే పేదల కోసం ఉతుకుశాల తెరిచింది. 1846లో దాన్ని కిట్టీకీ, ఆమె భర్తకూ అప్పగించారు. 1860లో ఆమె పోయింది. లివర్‌పూల్‌లోని సెయింట్ జార్జ్ హాల్లో పన్నెండు మంది మగవాళ్ల విగ్రహాల సరసన ఆమె పాలరాతి విగ్రహం నిలబడేసరికి 2012 వచ్చింది. అక్కడ ఆడమనిషి విగ్రహం అదే మొదటిది. సంతోషమే. అయినా బట్టతో బతికిన మనిషిని బట్ట మీదే చూడాలని నా కోరిక.

అందుకే మా వీధి ఆడవాళ్లం కలిసి ఆమె పేరున బొంత కుడుతున్నాం. పాత నేతచీరలను సోడా వేసి ఉడకబెట్టాం. గంజి పూర్తిగా వదలకపోతే పొరల్లోకి సూది దిగదు. నాలుగు పొరలు పరిచి, ముడత లేకుండా లాగి, కచ్చాకుట్టు వేశాం. లుంగీ ముక్కతో కాగు, పంచె ముక్కలతో దుప్పట్లు అమిరాయి. దుప్పటి పిండుతున్న కిట్టీని కుట్టబోతుంటే, ముప్పై ఏళ్లుగా మా వీధి బట్టలుతికిన పెద్దమ్మ ఆపింది.

“ఒక్కదాని వల్ల ఏడవుద్దమ్మా? తడి దుప్పటికి ఇద్దరుండాల. చెరో కొసా పట్టుకుని ఎదురుబొదురు మెలి తిప్పాల.”

ఆ మాటతో రెండో కొసన ఇంకో జత చేతులు కుట్టాం. ఆ మెలిక మడతలు మాత్రం పెద్దమ్మే చేత్తో తిప్పి పెట్టింది.

పూర్తయ్యాక ఆరోగ్య కేంద్రంలో, టీకాలకు తల్లులు కూర్చునే చోట పెడతాం. అద్దం బిగించొద్దని అందరం అనుకున్నాం. కొక్కేలకు తగిలిస్తే మాసినప్పుడల్లా దించి ఉతకొచ్చు.