పత్తి పోగులో పెత్తనం ఎవరిది?

గద్వాల ప్రాంతపు నడిగడ్డలో సీడు పత్తి (సంకర విత్తనం కోసం పండించే పత్తి) క్రాసింగ్ అంటే సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసెయ్యడం, మర్నాడు పొద్దున తండ్రి రకం పువ్వు పుప్పొడి అద్దడం. కేసరాలు తీసిన ఆ పువ్వు విచ్చిన రోజే లోపలి అండాల పైపొరలో, సుమారు నాలుగింట ఒక కణం పైకి ఉబ్బడం మొదలుపెడుతుంది. పత్తి పోగంటే అదే, ఒక్క కణం. మూడు వారాల్లో రెండున్నర, మూడు సెంటీమీటర్లు సాగుతుంది. అడ్డంగా ఉబ్బిపోకుండా నిలువునా సాగడానికి కారణం కణపొర లోపలి అంచున అడ్డంగా చుట్టుకున్న సూక్ష్మనాళికలు. సెల్యులోజ్ తంతువులు చాలావరకు వాటి దారినే పేరుకుంటాయి. సాగడం ముగిసే వేళకు నాళికలు ఏటవాలుగా తిరుగుతాయి, గోడ మందమవుతుంది, పోగుకు బలం వస్తుంది. గద్వాల చీరలోని నూలంతా ఇలాంటి గోడలే.

ఈ నాళికలకు ముడిసరుకు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్. పెత్తనం మాత్రం దాన్ని అంటిపెట్టుకుని పనిచేసే సహచర ప్రోటీన్లదని నా వాదన. శుద్ధి చేసిన ట్యూబ్యులిన్ గాజు గొట్టంలో తనంతట తానే నాళికగా కూడుకోదా అని అడగవచ్చు. కూడుకుంటుంది, కానీ కణంలో ఉన్నంత చురుగ్గా పెరగదు, విడిపోదు. కొసను పెంచే ప్రోటీన్ ఒకటి, కొసను విప్పే ప్రోటీన్ ఒకటి చేర్చాకే కణంలోని తీరు గాజు గొట్టంలో కనిపించిందని 2001లో తేలింది. ఆ పెంచే ప్రోటీన్‌కు మొక్కల్లో సాటి మోర్1. ఆవ కుటుంబపు చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో మోర్1లోని ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, 29 డిగ్రీలకే నాళికలు పొట్టివై చెదిరిపోయాయి. (29 డిగ్రీలంటే వనపర్తిలో చల్లటి పగలే. మన పత్తికి ఆ లోపం ఉందని మాత్రం కాదు.) నాళికలు చెదరకుండా నిలబెట్టడమే మేలనుకుంటే అదీ పొరపాటే. నాళికల్ని తెంపే ప్రోటీన్ కటానిన్ చెడినప్పుడు అరాబిడాప్సిస్ కాండపు నారలే బలహీనపడ్డాయి.

సెల్యులోజ్ నాళికల దారినే పేరుకుంటుందన్న మాటకు గట్టి అభ్యంతరం 2003లో వచ్చింది. మోర్1 చెడి నాళికలు చెదిరినా సెల్యులోజ్ మాత్రం వరసగానే పేరుకుంది. అంటే వరసకు నాళికలొక్కటే కారణం కాదు, ఇది ఒప్పుకోవాలి. అయితే సెల్యులోజ్ అల్లే యంత్రాంగం నాళికల వెంట కదలడాన్ని 2006లో బతికున్న కణంలోనే చూశారు. ఆ రెంటినీ కలిపే కొలికి సీఎస్‌ఐ1 అని 2012లో తేల్చారు. అదీ ఒక సహచర ప్రోటీనే.

ఇక మళ్లీ చేనికి వస్తే, సీడు చేలో గింజ మీది పోగు తల్లి మొక్కది; సంకరం పోగు బయటపడేది ఆ విత్తనం కొన్న రైతు చేలో. అంటే సీడు చేలో పోగును చూసి సంకరం పోగు ఎలా ఉంటుందో చెప్పలేం. అందుకే విత్తన కంపెనీలకూ పాలెం పరిశోధన స్థానానికీ ఒక విన్నపం: తల్లి, తండ్రి రకాల్ని ఎంచేటప్పుడు పురుగును తట్టుకునే జన్యువుతోపాటు ఈ ప్రోటీన్ల జన్యువుల్లోని తేడాలనూ పరీక్షించండి.