తిన్నవాడి నోట తినని గింజల కథ: ఎలీస్ బ్లాక్‌వెల్ 'హంగర్' నవల – ఒక పరిశీలన

1941 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్ నగరానికి భూమార్గాలన్నింటినీ మూసివేశాయి. 1944 జనవరి 27 వరకు సాగిన ఆ ముట్టడిలో లక్షలాది పౌరులు ఆకలితో మరణించారు. 1941 నవంబరు, డిసెంబరు నెలల్లో కచేరీ ఉద్యోగులకూ వారిపై ఆధారపడినవారికీ దక్కిన రొట్టె రోజుకు 125 గ్రాములు. అదే నగరం నడిబొడ్డున సెయింట్ ఐజాక్ కూడలిలో ఉన్న వృక్షశాస్త్ర సంస్థలో ధాన్యాలు, పప్పుధాన్యాలు, నూనెగింజలు, దుంపలు కలిపి సుమారు 2,50,000 నమూనాలు భద్రపరచి ఉన్నాయి. వాటిని ముట్టకుండానే కొందరు శాస్త్రవేత్తలు మరణించారు. వరి సేకరణను చూసిన దిమిత్రి ఇవనోవ్, ఓట్ల విభాగంలోని లీలియా రోదినా, వేరుశనగ విభాగంలోని అలెగ్జాండర్ షుకిన్ వారిలో ఉన్నారు. వారి సంస్థను నిర్మించిన నికొలాయ్ వావిలోవ్ అప్పటికే జైలులో ఉన్నాడు.

ఈ చరిత్రను ఆధారం చేసుకొని ఎలీస్ బ్లాక్‌వెల్ 2003లో 'హంగర్' అనే చిన్న నవల వెలువరించింది. త్యాగం చేసినవారి కథను ఆమె త్యాగం చేయనివాడి చేత చెప్పించింది. కథకుడు ఆ సంస్థలోని వృక్షశాస్త్రజ్ఞుడు. అతని భార్య అలెనా కూడా అక్కడి శాస్త్రవేత్తే. సేకరణను ముట్టకూడదన్న తీర్మానానికి ఆమె కట్టుబడి మరణిస్తుంది. అతడు రహస్యంగా గింజలు తిని బతుకుతాడు. దశాబ్దాల తరువాత న్యూయార్క్‌లో, వార్ధక్యంలో, ఆ రోజులను తలచుకుంటాడు. అమరుల గాథగా స్థిరపడిపోయిన వృత్తాంతాన్ని ఈ దృష్టికోణం కదిలిస్తుంది. అమరుల గురించి చెప్పే రచనల్లో పాఠకుడికి నమస్కరించడం తప్ప వేరే పని ఉండదు. ఇక్కడ అతడు కథకుడి పక్కన కూర్చోవలసి వస్తుంది. తిన్నవాడిని ద్వేషించడం అంత తేలిక కాదని తెలిసిరావడమే ఈ నవల సాధించిన ప్రధాన విజయం.

అయితే కథకుడి ఎంపిక వెనుక ఒక ఊహ దాగి ఉంది. ఆకలిగొన్న మనిషి ముందు గింజ ఉంటే అది ప్రలోభమే అవుతుందనీ, తిననివారు ప్రతి క్షణం ఆ ప్రలోభంతో పోరాడి గెలిచారనీ నవల మొదటి నుంచి చివరి దాకా నమ్ముతుంది. అలెనా నిగ్రహమూ కథకుడి పతనమూ ఒకే త్రాసులో తూగడానికి కారణం ఈ నమ్మకమే. దీనికి ఎదురుగా ఒక సాక్ష్యం ఉంది. బంగాళదుంప సేకరణను కాపాడినవారిలో ఒకడైన వదీమ్ లెఖ్నోవిచ్ తరువాతి కాలంలో ఆ రోజులను వివరిస్తూ, నడవడం, ఉదయం లేవడం, కాళ్లూ చేతులూ కదపడం భరించరానంత కష్టమయ్యాయనీ, సేకరణను తినకుండా ఉండడం మాత్రం కష్టం కాలేదనీ చెప్పినట్లు నమోదయింది. తమ జీవితకాలపు పనినీ, సహచరుల పనినీ తినేయడం వారికి ఆలోచనకు అందని విషయమట.

ఈ మాటను వినయంగానో, వీరోచితమైన అతిశయోక్తిగానో తీసుకొని పక్కన పెట్టవచ్చు. అలా చేస్తే నవలకు ఇబ్బంది ఉండదు. యథాతథంగా తీసుకుంటే మాత్రం నవల నైతిక నిర్మాణం కొంత కుంగుతుంది. ఎందుకంటే లెఖ్నోవిచ్ చెబుతున్నది నిగ్రహం గురించి కాదు. ఆ గింజలు వారి దృష్టిలో ఆహారమనే వర్గంలోనే లేవు. నిజానికి ఈ మనఃస్థితి తెలుగు పాఠకుడికి అపరిచితమేమీ కాదు. తిండిగింజలు గాదెలోనో పాతరలోనో ఉంటే, విత్తనపు గింజలు వేరే కుండలో బూడిదా వేపాకూ కలుపుకొని ఉంటాయి. రెండూ ఒకే కంకి నుంచి వచ్చినవే అయినా ఇంట్లో వాటి హోదాలు వేరు. 1876-78 నాటి ధాత కరువు వంటి ఉత్పాతాల్లో విత్తనం కూడా వండుకోవలసి వచ్చిన ఇల్లు మరుసటి వానకు చేను ఉండీ అప్పులవాడి గుమ్మం తొక్కవలసిందే. రైతు ఇంట్లో అలవాటుగా ఉన్న ఈ విభజనను లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్తలు ఒక సంస్థ స్థాయిలో పాటించారు. బ్లాక్‌వెల్ దానిని వ్యక్తి అంతరాత్మలోకి కుదించింది. నవలా ప్రక్రియకు అది సహజమే కావచ్చు, కాని కుదింపు కుదింపే.

రెండో లోపం ఇంతకన్నా మౌలికమైనది. నవలలో సేకరణ ఒక నిధిలా ఉంటుంది: ఉన్నది ఉన్నట్లు దాచాలి, ఎవరూ తీయకూడదు. విత్తన సంరక్షణ స్వభావం అది కాదు. గింజ ప్రాణమున్న వస్తువు. తేమ, వేడి పెరిగితే దాని మొలకశక్తి తరిగిపోతుంది. నూనెగింజల్లో ఈ క్షీణత ధాన్యాలకన్నా వేగం. (వేరుశనగను కాయలుగానే దాచి విత్తే ముందు మాత్రమే ఒలవడం రాయలసీమ రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు.) బంగాళదుంప విషయంలో గడువు మరీ తక్కువ. అది గడ్డకట్టినా, కుళ్లినా, ఒక్క కారు నాటకపోయినా ఆ రకం పోయినట్లే. 1941లో పావ్లోవ్‌స్క్ క్షేత్రంలోని దుంపలను అబ్రహాం కమెరాజ్, ఓల్గా వొస్‌క్రెసెన్‌స్కయా ఫిరంగి కాల్పుల మధ్య తవ్వి నగరానికి చేర్చారు. ఆ శీతకాలమంతా దొరికిన కట్టెలతో నేలమాళిగను వెచ్చగా ఉంచారు. 1942 వసంతంలో ఆ దుంపలను లెనిన్‌గ్రాడ్ పరిసర క్షేత్రాల్లో తిరిగి నాటారు. అంటే వారి పని కాపలా ఒక్కటే కాదు, సేద్యం కూడా. మృత్యువు చుట్టుముట్టిన నగరంలో బక్కచిక్కిన మనుషులు దుంపలు నాటిన ఆ వసంతం నవలకు దొరికి ఉంటే, దాచడానికీ తినడానికీ మధ్యనే తిరుగుతున్న కథకు మూడో దారి కనిపించేది. నిషేధం మీదనే నిలిచిన కల్పన విత్తడాన్ని మరచిపోయింది.

సంస్థ సంచాలకుడి పాత్రకు వావిలోవ్ మూలమని సులువుగా గుర్తుపట్టవచ్చు. అతని పతనానికి సంబంధించిన భాగాలు క్లుప్తంగా, బలంగా ఉన్నాయి. జన్యుశాస్త్రాన్ని నిరాకరించిన లిసెంకో వర్గం ప్రాబల్యంలోకి వచ్చాక 1940 ఆగస్టులో వావిలోవ్ అరెస్టయ్యాడు. 1943 జనవరి 26న సరతోవ్ జైలులో మరణించాడు. తాను ఒకప్పుడు ఆచార్యుడిగా పనిచేసిన ఊరే అది. ప్రపంచపు ఆకలికి విరుగుడుగా ఐదు ఖండాల్లో విత్తనాలు ఏరిన మనిషి తిండిలేక చనిపోవడమనే వైపరీత్యం ఏ రచయితనైనా ఊరిస్తుంది. బ్లాక్‌వెల్ ఆ ఊరింపుకు లొంగి కన్నీళ్లు పిండలేదు. ఈ సంయమనాన్ని మెచ్చుకోవాలి.

కథకుడి యాత్రా జ్ఞాపకాల విషయంలో అంత మెప్పు సాధ్యం కాదు. విత్తనాల కోసం తిరిగిన దేశాలు అతనికి ఎక్కువగా రుచులుగా, స్త్రీల సాంగత్యంగా గుర్తుంటాయి. భోగి పాత్రగా అతన్ని నిలపడానికి ఇది అవసరమే. కాని ఆ రకాలను తరతరాలుగా ఎంచి, నిలిపి, దోసిట పోసిన సాగుదారులు కథలో మనుషులుగా ఎదగరు. ఈ విషయంలో వావిలోవ్ సొంత రచన నవలకన్నా ముందుంది. అతని మరణానంతరం వెలుగుచూసిన 'ఐదు ఖండాలు' యాత్రాగ్రంథంలో అఫ్ఘానిస్తాన్, ఇరాన్ పొలాలు విశేషంగా కనిపిస్తాయి. అక్కడి రైతులు రై మొక్కను గోధుమను పీడించే కలుపు అన్న అర్థంలో పిలుస్తారని అతడు గమనించాడు. ఎత్తు పెరిగేకొద్దీ చలికి ఓర్చలేక గోధుమ వెనుకబడితే ఆ కలుపే పంటగా మారుతుందన్న అవగాహనకు ఆ గ్రామీణ నామం కూడా ఆధారమైంది. పొలంలో వినిపించిన ఒక్క పేరు సిద్ధాంతంలో భాగమైన సందర్భమది. 'హంగర్'లో ఇలాంటి ఘట్టం ఒక్కటీ లేదు.

ఈ మౌనం నవలది మాత్రమే కాదు, జన్యు బ్యాంకుల భాషది కూడా. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. ఏ నమూనాకైనా ఒక సంఖ్య ఉంటుంది. సేకరించిన చోటు, తేదీ, సేకరించిన సంస్థ నమోదవుతాయి. గింజ ఇచ్చిన రైతు పేరుకు సాధారణంగా ఆ వివరాల్లో స్థానం ఉండదు. అక్కడికి ఎంతో దూరం లేని జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి తరువాత పాత పంటల జాతర సాగుతుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు, ఎడ్లబండ్లపై విత్తనాలు పేర్చుకొని ఊరూరా తిరుగుతారు. అక్కడ ప్రతి గింజ వెనుకా ఒక మనిషి ఉంటుంది. అది ఏ నేలకు సరిపోతుందో, ఏ కారుకు పనికొస్తుందో, ఎలా వండాలో ఆమె చెబుతుంది. ఆ గింజలను ఆమె తింటుంది, విత్తుతుంది, అడిగిన ఇంటికి ఇస్తుంది. తినడమూ కాపాడడమూ పరస్పర శత్రువులని నమ్మే 'హంగర్' కథకుడికి ఆ బండి మీద మాత్రం చోటు దొరకదు.