వేట వేళ తెలిసినవాడు

మైపాడు, ఇస్కపల్లి తీరాన పోస్టు పార్సిల్ తెచ్చేది గ్రామీణ డాక్ సేవక్. చిన్నప్పుడు ఈ కొలువు కావాలని ఎవరూ కలగనరు. పదో తరగతి మార్కులతో వస్తుంది. పోలీసు ఉద్యోగం తగిలేదాకా చూద్దామని చేరతారు. కాగితం మీద నాలుగైదు గంటల పనే కాబట్టి పక్కన సేద్యమో కొట్టో పెట్టుకుంటారు. ఆ పక్కపనే మనిషిని ఊళ్లో పాతేస్తుంది. చూస్తుండగానే విరమణ వయసు, 65.

కవరు మీద ఇంటిపేరు, ఊరు. వీధంతా అదే ఇంటిపేరాయె! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మగవాళ్లు ఇంట్లోనే దొరుకుతారు. మిగతా రోజుల్లో పడవలు ఒడ్డుకొచ్చే వేళ కనిపెట్టాలి. కార్తీకం వానల్లో పార్సిల్‌ను రొయ్యల మేత సంచిలో చుట్టి, “అత్తా, సంతకం పెట్టు” అంటూ పొడిగా చేతిలో పెట్టడం చూడాలి. ఇంతచేసినా రెగ్యులర్ ఉద్యోగులకున్న పింఛను లేకపోవడం నాకు మింగుడుపడదు.