వాటాలు వేయు విద్య

ఉమ్మడి ఆస్తిని పంచుటకు మా పల్లె పెద్దమనుషులు అనుసరించు పద్ధతులలో నాకు మిక్కిలి నచ్చినది, పెద్దవాడు వాటాలు వేయవలెననియు, కోరుకొనుట చిన్నవానితో మొదలుకావలెననియు చెప్పునదే. ఏ వాటా తనకు మిగులునో ఎరుగనివాడు ఏ వాటాను తక్కువ చేయ సాహసింపడు. స్వార్థమునే ధర్మమునకు కావలి పెట్టిన యుక్తి యిది. అన్నదమ్ములకు ఆపాటి నమ్మికయు లేనిచోట చీట్లు వ్రాసి, చెంబులో వేసి, పసివానిచేత తీయింతురు గాని, చీటి అదృష్టమును సమముగ పంచునే తప్ప భూమిని పంచజాలదు.

భూమిని పంచుట సెంట్లు కొలుచుట మాత్రమే కాదని ఆ పెద్దల సరసన కూర్చుండి తెలిసికొంటిని. తూము దగ్గరి మడికి తొంబది సెంట్లు వేసినచోట కాలువ చివరి మడికి నూటపది వేసి, చవుడు తేలిన మూలను లెక్కలోనుండి తీసివేసి, గట్టుమీది తాటిచెట్లకు వేరుగ వెలగట్టి, అప్పటికిని సరిపడని తేడాను రొక్కముగ ఇప్పించి, నాలుగు దిక్కుల హద్దులు దస్తావేజున కెక్కించువరకు వారు లేచెడివారు కారు.

పంచరానివానిని పంచకుండుటయు ఈ విద్యలోనిదే. వండిన అన్నమును, నీటిని, పశువులు నడచు దారిని విభజింపరాదని మనుస్మృతి విధించినది. బావిని ముక్కలు చేయలేరు గనుక మా వారు నీటికి దినముల చొప్పున వంతులు కట్టిరి. బండిదారిని అందరికి ఉమ్మడిగ ఉంచిరి. ఆ దారిని గూర్చిన యొక్క పంక్తి మరచిన దస్తావేజు అన్నదమ్ములను ఏండ్ల తరబడి కోర్టుచుట్టు త్రిప్పుట కన్నులార చూచితిని.

ఇక వాటా ఎవరికన్న విషయమున, పుట్టుకతోడనే కుమారునకు హక్కు గలదన్న విజ్ఞానేశ్వరుని మితాక్షరమును 13వ శతాబ్దమున కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను; తండ్రి పోయిన పిమ్మటనే హక్కన్న జీమూతవాహనుని దాయభాగము వంగదేశమున చెల్లెను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కుమారునితో సమానముగ హక్కును మాత్రము రెండును ఈయలేదు. 1956 నాటి వారసత్వ చట్టము తండ్రి వాటాలో ఆమెకు పాలు కల్పించినది. 1985లో ఆంధ్రప్రదేశము అవివాహితయగు కూతురిని సమాన దాయాదిగ అంగీకరించినది. 2005లో దేశమంతట వివాహితకును ఆ హక్కు లభించినది. అయినను, పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా యని ఆడపడుచుచేత హక్కు విడుదల పత్రముపై వ్రేలిముద్ర వేయించుకొను ఇండ్లు నేటికిని గలవు.

నే మెచ్చుకొన్న ఆ పెద్దమనుషుల పద్ధతికిని ఇదియే లోపము: కోరుకొను వరుసలో చెల్లెలికి చోటు లేదు. గొలుసు పరచుటకు ముందు వాటాదారులను లెక్కింపవలెను. ఆ లెక్క తప్పినచో సెంట్లు ఎంత నిక్కచ్చిగ కొలిచినను అది పంపకము కాదు, కొందరి ఒప్పందము మాత్రమే.