వృత్తిగ్రంథ పరిష్కరణలో ప్రయోగవ్యాఖ్య: లాస్ట్ ఆర్ట్ ప్రెస్ ప్రచురణల పరిశీలన

గ్రంథ పరిష్కరణ అనగానే తెలుగు పరిశోధనలో తాళపత్ర ప్రతుల సేకరణ, పాఠాంతరాల తులన, శుద్ధపాఠ నిర్ణయం స్ఫురిస్తాయి. కావ్యపాఠం సరైనదని నిరూపించడానికి ఛందస్సు, వ్యాకరణం, అన్వయం సాక్ష్యమిస్తాయి. ఉలి పట్టే తీరును చెప్పే వాక్యానికి మాత్రం చివరి సాక్ష్యం కర్రే. చేతిపని నేర్పడానికి పుట్టిన గ్రంథాన్ని ఎవరు, ఎలా పరిష్కరించాలన్న ప్రశ్నకు అమెరికాలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ ఇచ్చిన సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

క్రిస్టఫర్ స్క్వార్జ్, జాన్ హాఫ్‌మన్ 2007లో స్థాపించిన లాస్ట్ ఆర్ట్ ప్రెస్ కెంటకీ రాష్ట్రం కేంద్రంగా పనిచేస్తున్నది. యంత్రాలకు ముందునాటి వడ్రంగం దీని ప్రధాన విషయం. స్క్వార్జ్ వడ్రంగ పత్రికకు సంపాదకత్వం వహించినవాడు, స్వయంగా పని చేసేవాడు. ఈ సంస్థ పుస్తకాలను అమెరికాలోనే ముద్రింపజేస్తుంది. దారపు కుట్టుతో గట్టి అట్ట వేయిస్తుంది. అమెజాన్ ద్వారా అమ్మదు. ఈ నిర్ణయాలు వ్యాపారానికి సంబంధించినవిగా కనిపించినా వాటి వెనుక ఒక విమర్శదృష్టి ఉన్నది. పనిబల్ల మీద తెరిచి పెట్టుకొనే పుస్తకం తానే చక్కని చేతిపనికి నమూనాగా నిలవాలన్నది ఆ దృష్టి. 17వ శతాబ్దిలో ఆంగ్లంలో వడ్రంగం గురించి రాసిన జోసఫ్ మాక్సన్ కూడా ముద్రాపకుడే; ముద్రణకళపైనా గ్రంథం రాశాడు. కనుక పనివాడు, రచయిత, ప్రచురణకర్త ఒక్కరే కావడం కొత్త విషయం కాదు.

ఈ సంస్థ పరిష్కరణ పద్ధతి స్పష్టంగా కనిపించేది 2009లో వెలువడిన ‘ది జాయినర్ అండ్ క్యాబినెట్ మేకర్’లో. మూలం 1839లో లండన్‌లో కర్త పేరు లేకుండా అచ్చయిన చిన్న పుస్తకం. ఇది లక్షణగ్రంథం కాదు. థామస్ అనే శిష్యుడు పల్లెలోని వడ్రంగశాలలో పని నేర్చుకొనే కథ. అతడు మొదట సామాను పంపే మోటుపెట్టెను, తరువాత బడిపెట్టెను, చివరకు సొరుగుల బీరువాను తయారుచేస్తాడు. మొదటిదానికి మేకులు చాలు. రెండవదానికి పలకల అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకులు కావాలి. మూడవది అంతవరకు నేర్చిన పనులన్నింటినీ ఒక్కచోట కోరుతుంది. ఇందులో కథనక్రమమే నైపుణ్యక్రమం. సంఘటన ముందువెనుకలైతే కథతోపాటు పాఠమూ చెడుతుంది.

ఈ మూలానికి సంస్థ రెండు పొరల వ్యాఖ్యను చేర్చింది. జోయల్ మాస్కోవిట్జ్ ఆనాటి పనిముట్లను, జీవనాన్ని చారిత్రకంగా వివరించాడు. స్క్వార్జ్ ఆ మూడు వస్తువులనూ చేసి, ఆ క్రమాన్ని దశలవారీగా నమోదుచేశాడు. మూలం, టీక, తాత్పర్యం అనే క్రమానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ నిర్మాణం అపరిచితం కాదు. చారిత్రక వివరణ టీక స్థానంలో నిలుస్తుంది. వస్తునిర్మాణం మాత్రం తాత్పర్యం కన్నా భిన్నం. దానిని ‘ప్రయోగవ్యాఖ్య’ అనవచ్చు. తాత్పర్యం మూలం చెప్పినదాన్ని తిరిగి చెబుతుంది. ప్రయోగవ్యాఖ్య మూలం చెప్పక వదిలినదాన్ని బయటపెడుతుంది.

ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే రూబో 1769–1775 మధ్య వెలువరించిన బృహద్గ్రంథంలో ఒక భాగానికి ఈ సంస్థ 2013లో ప్రచురించిన అనువాదమూ ఇదే మార్గంలో సాగింది. అనువాదకులలో ఒకడైన డాన్ విలియమ్స్ పురాతన గృహోపకరణాల సంరక్షణలో నిపుణుడు. అక్కడ పదం ఎంపికకు నిఘంటువుతోపాటు చేతి అనుభవమూ ప్రమాణమైంది.

అయితే ఈ పద్ధతికి పరిమితులున్నాయి. 1839 నాటి పుస్తకం బతుకుతెరువు వెతుక్కొనే బాలుని కోసం పుట్టింది. నేటి ప్రతిని ఎక్కువగా చదివేది తీరిక వేళ పని చేసేవారు. పాఠం మారకున్నా పాఠకుడు మారడంతో జీవనాధారం అభిరుచిగా మారింది. కూలి, పనిగంటలు, గురుశిష్యుల మధ్య అధికారం వంటి అంశాలు నేపథ్యంలోకి జరిగి, అతుకు అందం ముందుకు వచ్చే ప్రమాదం ఇక్కడున్నది. ఇక వ్యాఖ్యాతే ప్రచురణకర్త అయినప్పుడు వ్యాఖ్యను తూచే మరో చెయ్యి ఉండదు.

తెలుగులో ఈ చర్చకు నేరుగా సంబంధించిన కృషి మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. వృత్తిదారుల నోటిమాటను శాస్త్రీయంగా సేకరించిన ఆ కృషి విలువ తగ్గేది కాదు. కాని పదకోశం లక్ష్యం పదం, పనిక్రమం కాదు. చిత్రిక అంటే ఏమిటో కోశం చెప్పగలదు. కర్రలో నార ఎటు సాగిందో చూసి చిత్రికను ఎటు నడపాలో, ఎప్పుడు ఆపాలో ఆరోపం చెప్పలేదు. ఆ లోటును పూరించేది ప్రయోగవ్యాఖ్యే.

‘లాస్ట్’ అనే పేరు కళ పోయిన తరువాతి స్థితిని సూచిస్తుంది. తెలుగునాట బాడిస, ఉలి పట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. కనుక ఇక్కడి పరిశోధకుడు పాత గ్రంథం నుంచి పనికి వెళ్లనవసరం లేదు. పని నుంచి గ్రంథానికి రావచ్చు. అప్పుడు వడ్రంగిని కేవలం సమాచారదాతగా పీఠికలో స్మరించి వదలడం చాలదు. పాఠాన్ని చేతితో నిగ్గుదేల్చే వ్యక్తి వ్యాఖ్యాత. పరిష్కర్త పేరు పక్కన ముఖపత్రంపై అతని పేరూ ఉండడం శాస్త్రమర్యాద.