సంతకం ఎవరిది, నష్టం ఎవరిది?

ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చిందంటే నేను ముందు చూసేది చివర్లో జతచేసిన దరఖాస్తు ఫారం. చట్టం లక్ష్యాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఎవరు సంతకం పెట్టాలో, పెట్టకపోతే ఎవరు నష్టపోతారో ఫారంలో తేలిపోతుంది. కౌలు చట్టాలు చదవగా చదవగా అబ్బిన అలవాటిది.

తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల వైపు కొమ్మమూరు కాలువ కింద, మాగాణి చేసేవాళ్లలో కౌలుదారులు చాలామంది. భూమిగలాయన హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద కౌలు కుదురుతుంది. కాగితం ఉండదు.

ఎందుకుండదంటే 1956 దాకా వెళ్లాలి. ఆ ఏటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. 1974 సవరణ కౌలుదారుకు ఇంకా బలం చేకూర్చింది. ఉద్దేశం నూటికి నూరుపాళ్లూ మంచిదే. కానీ కాగితం రాస్తే పొలం చేజారుతుందన్న భయం పట్టుకుని యజమానులు రాతకోతలే మానేశారు. చట్టం ఎవరి కోసం పుట్టిందో వాళ్ల పేరే రికార్డులో లేకుండా పోయింది.

2011లో యజమాని సంతకం అవసరం లేకుండా ఏడాది రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం దాని స్థానంలోకి వచ్చి, కార్డుకు యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. కార్డు గడువు 11 నెలలు, దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలో రాశారు కూడా. అయినా పాత భయం పోలేదు. దానికి ఇంకో చిక్కు తోడైంది. యజమాని తన పాస్‌బుక్ మీద అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, అదే పొలానికి బ్యాంకు కౌలుదారుకు మళ్లీ ఇవ్వదు. సంతకం పెడితే ఆయనకు ఒరిగేది లేదు, పోయేది ఉండొచ్చు. ఇక ఎందుకు పెడతాడు? ఫారం రాసేనాడే వేయాల్సిన లెక్క ఇది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నాని మొలకెత్తాయి. పంటల నమోదు చేసే ఈ-క్రాప్‌లో యజమాని పేరుంటే పరిహారం ఆయన ఖాతాకే వెళుతుంది. విత్తనం, ఎరువు, కూలి పెట్టుబడి పెట్టినవాడు వడ్డీవ్యాపారి ముందు నిలబడతాడు.

సాగుచేసేవాడి పేరు నమోదు చేయడం అసాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. పశ్చిమ బెంగాల్లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు పల్లెల్లోనే శిబిరాలు పెట్టి, పాలుకు చేసేవాళ్లను గుంపుగా కూర్చోబెట్టుకుని, ఏ పొలం ఎవరు దున్నుతున్నారో అందరి ఎదుటా నమోదు చేశారు. అలా దాదాపు 14 లక్షల మంది పేర్లు రికార్డుకెక్కాయి. ఒంటరిగా యజమాని గడప తొక్కి సంతకం అడిగే అవస్థ కౌలుదారుకు తప్పింది.

మన సమీక్షా సమావేశాల్లో మొదటి ప్రశ్న, ఎన్ని కార్డులిచ్చారని. లక్ష్యం పూర్తయితే ఆ పథకం గెలిచినట్టే. కార్డు వచ్చినవాడికి బ్యాంకు అప్పిచ్చిందా, ఇస్తే ఎంత, తుపాను డబ్బు ఎవరి ఖాతాలో పడింది అన్నవాటి జోలికి వెళ్లరు. చట్టం ఫలితమంటే అదే కదా!

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. కౌలు చట్టాన్ని ఈసారి ముట్టుకునే ముందు రేపల్లె, బాపట్ల, తెనాలి మండలాల్లో కార్డులు, వాటి మీద అందిన రుణాలు, అందిన పరిహారం ఊరివారీగా లెక్కగట్టి గ్రామ సచివాలయాల గోడల మీద అంటించండి. సంతకం బదులు ఊరి సాక్ష్యాన్ని ఒప్పుకునే పద్ధతిని ముందు కొన్ని ఊళ్లలో ఒక పంటకాలం నడిపి చూడండి. ఆ తర్వాతే రాష్ట్రమంతటికీ ఫారం అచ్చు వేయండి.