నీళ్లు యాడికి పోవాల?

అమ్మ ఇంటి ముందు వాకిట్లో పాత బండలు తీయించి మళ్లీ వేయించాం. పని మొదలైన రోజు మేస్త్రి సంచిలోంచి తాపీ తీయలేదు, రసమట్టం తీయలేదు. గేటు దగ్గర నిలబడి వాకిలంతా ఒకసారి కలియజూసి, బకెట్టు నీళ్లు అడిగాడు. గడప ముందు నుంచి మెల్లగా ఒలకబోశాడు. నీళ్లు రెండు బండలు దాటాయి, ఒకచోట నిలిచాయి, మలుపు తిరిగి వెనక్కి వచ్చి గోడ మొదట్లోకి ఇంకిపోయాయి. అప్పుడు నా వైపు తిరిగి అడిగాడు.

"నీళ్లు యాడికి పోవాలని చెప్పినావమ్మా, ఈ బండలు పరిచినోళ్లకు?"

నేనేమీ చెప్పలేదు. ఆరేళ్ల కిందట ఆ వాకిలి వేయించినప్పుడు రంగు చెప్పాను, సైజు చెప్పాను, అద్దంలా మెరవాలని చెప్పాను. నీళ్ల మాట ఎత్తలేదు. పని పట్టినవాళ్లూ అడగలేదు. నాలుగు రోజుల్లో ముగించి, సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగి, లెక్క చూసుకుని వెళ్లిపోయారు. రెండో వానాకాలంలో అమ్మ ఆ నున్నటి బండ మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా తెల్లవారుజామునే లేచి ఎడమ చేత్తోనే ముగ్గు పెట్టింది. చెయ్యి ఆగిన చోట ఆగి, మళ్లీ గీత అందుకుని, చిన్న నాలుగు చుక్కల ముగ్గుతో సరిపెట్టుకుంది. వంకర పోయిన ఆ గీతలు చూసిన రోజే ఈ బండలు ఉండకూడదనుకున్నాను. తీయించడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మా ఊరు నంద్యాల జిల్లాలో, బేతంచెర్లకు దగ్గర. నాపరాయికి పుట్టిల్లు. గోడలు నాపరాయివే, మిద్దె కప్పు నాపరాయిదే, గొడ్ల కొట్టంలో నేలా అదే, చేను గట్టున కంచెగా నిలబెట్టినవీ నాపబండలే. ఇంత రాయి మధ్య పెరిగి కూడా రాయిని ఎలా పరవాలో నాకు తెలియదని ఈ పది రోజుల్లో తెలిసింది.

నాపరాయి సున్నపురాయి జాతి. కోట్ల ఏళ్ల కిందట, భూమ్మీద చేపలు కూడా పుట్టని కాలంలో, ఈ ప్రాంతాన్ని కప్పిన సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. అందుకే గనిలో పొర దొరికించుకుని గునపంతో ఎత్తితే రాయి పలకలా లేచి వస్తుంది. తాండూరులో నీలం, పసుపు, కడప వైపు నలుపు, మా దగ్గర ఎక్కువగా బూడిద రంగు. రంగు ఏదైనా, పొర దగ్గర విడిపోయే గుణం ఒకటే. అలా విడిపోయిన ముఖం మీద చేత్తో రాస్తే చిన్న చిన్న ఎత్తుపల్లాలు తగులుతాయి. తడి కాలికి పట్టు ఇచ్చేది ఆ గరుకే. పాలిష్ పట్టించి ఆ గరుకును పోగొడితే బండ ఇంటి లోపలికి బాగుంటుంది. ఆరుబయట, వాన పడే చోట, ముసలివాళ్లు నడిచే చోట అది పనికిరాదు. ఈసారి పాలిష్ లేని బండలే తెప్పించాను.

పాత బండల్లో మొదటిది లేపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. గడ్డపార మొన రెండు బండల నడుమ దర్జలో పెట్టి ఒక్క ఎత్తు ఎత్తితే బండ లేచి వచ్చేసింది. కింద నాలుగు మూలలా నాలుగు సిమెంటు ముద్దలు, నడుమ ఒకటి. మిగతాదంతా బోలు. ఆ బోలులో చీమల పుట్ట, తడి మట్టి, ఎక్కడి నుంచో పాకి వచ్చిన గడ్డి వేర్లు. ఐదు ముద్దల మీద బండ పెట్టి కొడితే మట్టం తొందరగా కుదురుతుంది, మాలు మిగులుతుంది. కానీ ముద్దకూ ముద్దకూ మధ్య బండకు ఆనిక ఉండదు. బరువు పడ్డ చోట విరుగుతుంది. నీళ్లు ఆ ఖాళీలో చేరి నిలవుంటాయి. ఇన్నాళ్లూ నడుస్తుంటే 'డబ్ డబ్'మని వినపడిన శబ్దం ఆ బోలుదే.

"కింద గాలి ఉంటే బండకు బలం ఉండదమ్మా. మంచం మీద పరుపు పరిచినట్టు నిండుగా ఆనాల," అన్నాడు మేస్త్రి.

ముద్దల కింద ఇంకా పెద్ద తప్పు ఉంది. అక్కడున్నది నల్లరేగడి. వాన తగిలితే ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగే నేల మీద ఎంత మంచి రాయి వేసినా నిలవదు. అందుకని అడుగున్నర లోతు రేగడి తవ్వి తీయించాడు. ఆ చోట గరుసు మట్టి పోయించాడు. అదీ ఒక్కసారిగా కాదు. ఆరంగుళాల మందాన పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, అది బిగిశాకే రెండో వరస. మొత్తం ఒక్కసారే పోసి పైన కొడితే పై పొర మాత్రమే గట్టిపడి, అడుగు గుల్లగానే ఉండిపోతుందని చెప్పాడు. గరుసు మీద నాలుగంగుళాల కంకర, సందుల్లోకి రాతి పొడి, మళ్లీ దిమ్మిస. వాకిట్లోకి కారు వస్తుందా అని ముందే అడిగాడు. వచ్చేటట్టయితే ఈ మందం ఇంకా పెంచాలి, బండ కూడా రెండంగుళాలకు తగ్గకూడదు.

దీనికే నాలుగు రోజులు పట్టింది. ఒక్క బండా పడలేదు. దారిన పోయేవాళ్లు ఆగి, ఇంకా బండలు వేయలేదేమని అడిగారు. లోపల్లోపల నాకూ అదే తొందర. ఆరేళ్ల కిందట ఈ నాలుగు రోజులనే మిగుల్చుకున్నామని అప్పుడు అర్థమైంది. కంటికి కనపడని పనికి కూలి ఇవ్వడానికి మనకు చెయ్యి రాదు. పైన కనపడే బండకు అడుగు లెక్కన బేరమాడి కొంటాం, కింద మట్టి కొట్టిన మనిషికి మాత్రం దినం ఎక్కువైందని గొణుగుతాం. పది కాలాల పాటు ఆ బండను మోసేది ఆ మనిషి చేసిన పనే.

తర్వాత వాటం. సన్నటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు నింపి, ఒక కొస గడప దగ్గర ఒకరు, ఇంకో కొస ప్రహరీ దగ్గర ఒకరు పట్టుకున్నారు. రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలిచిన చోట గోడ మీద బొగ్గుతో గీత గీశారు. ఆ గీత నుంచి కిందికి కొలత. ఇంటి నుంచి దూరం పోయేకొద్దీ పదడుగులకు రెండంగుళాల చొప్పున దిగాలి. నడిచేవాళ్లకు ఆ పల్లం తెలియదు, కుర్చీ వేసుకుంటే ఒరగదు, నీళ్లు మాత్రం ఆగవు. గోడ దగ్గర బండ పైముఖం ఇంటి ప్లింతుకు ఆరంగుళాలు కిందే ఉండాలని దారం కట్టించాడు. వాన చినుకు బండ మీద పడి ఎగిరి గోడను తడపకుండా ఉండడానికి ఆ ఎడం. పాత పనిలో బండలు దాదాపు ప్లింతు దాకా తెచ్చి ఆనించారు. హాల్లో గోడకు మోకాలెత్తు దాకా పెచ్చులూడడానికి కారణం అదేనని ఇప్పుడు తెలిసింది.

ఐదో రోజు బండలు పడ్డాయి. ఒక్కో బండనూ నిలబెట్టి సుత్తి పిడితో తట్టి విన్నాడు. ఖంగుమన్నవి ఒక వైపు, బొంగురుగా పలికినవి ఒక వైపు. బొంగురుగా పలికితే లోపల కంటికి కనపడని పగులు ఉన్నట్టు. మంచివాటిని మళ్లీ మందం చూసి వేరు చేశాడు. పొర నుంచి విడిపోయిన రాయి కదా, ఒక మూల అంగుళం ఉంటే ఎదుటి మూల అంగుళంన్నర ఉంటుంది. టైల్స్ లాగా వరస పెట్టి అతికించడం కుదరదు. ఏ బండకు ఆ బండకు అడుగున విడిగా పరుపు చేయాలి.

మాలు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లలో, పలచన కాకుండా కలిపారు. పిడికెడు తీసుకుని నొక్కి చెయ్యి విప్పితే ఉండ విడిపోకూడదు, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. దాన్ని అంగుళంన్నర మందాన పరిచి తాపీతో సాపు చేశాడు. బండ వీపు కడిగి దుమ్ము వదిలించి, సిమెంటు పాలు పూశాడు. ఇద్దరు పట్టుకుని దించాక రబ్బరు సుత్తితో నడుమ నుంచి అంచులకు కొట్టుకుంటూ వచ్చాడు. దారానికి సరిగ్గా తగిలింది. బాగుందనుకున్నాను. ఆయన గడ్డపార అందుకుని ఆ బండను మళ్లీ లేపేశాడు. వీపు చూపించాడు. ఒక మూల అరచేయంత మేర మాలు అంటలేదు. అక్కడ ఇంకాస్త మాలు వేసి, దించి, కొట్టి, మళ్లీ లేపి చూశాడు. మూడోసారి వీపంతా తడిగా, నిండుగా అంటుకుంది. అప్పుడు మాత్రమే రెండో బండ జోలికి వెళ్లాడు. ఆ తర్వాత లేపాల్సిన అవసరం పడలేదు, సుత్తి దెబ్బ విని చెప్పేశాడు. బండ నిండుగా ఆనినప్పుడు శబ్దం కిందికి దిగిపోతుంది. సాయంత్రానికి నాకు కూడా ఆ తేడా వినపడసాగింది.

బండకూ బండకూ మధ్య పెన్సిలు పట్టేంత దర్జ వదిలాడు. దర్జ లేకుండా ఆనించి వేస్తే బాగుంటుందని నేననుకునేదాన్ని. మా ఎండలకు మధ్యాహ్నం ఈ రాళ్లు అడుగు పెట్టలేనంతగా కాగుతాయి. కాగిన రాయి ఏ కాస్తయినా సాగుతుంది, దానికి చోటు కావాలి. చోటు లేకపోతే అంచులు ఒకదాన్నొకటి ఒత్తుకుని పెచ్చులెగురుతాయి.

నేను ముందు అనుకోనిది ఒకటి ఆయన చేశాడు. గడప నుంచి పన్నెండు అడుగులు మాత్రమే సిమెంటు పరుపు. అక్కడి నుంచి జామచెట్టు దాకా ఇసుక మీదే బండలు పరిచి, దర్జల్లో కూడా ఇసుకే నింపించాడు. ఆ బండలు పక్కలకు జరిగిపోకుండా అంచు వెంబడి కురచ రాళ్లను నిలువుగా పాతాడు. ఇంటికి దగ్గరున్న నీరు ఇంటి నుంచి పోవాలి, ఇంటికి దూరమైన నీరు భూమిలోకి దిగాలి. ఆయన పని మొత్తానికి ఆధారం ఈ మాటే.

మా వాకిలి ఇరవై అడుగులకు ముప్పై. దాని మీద అంగుళం వాన కురిస్తే దాదాపు 1,400 లీటర్ల నీళ్లు. ఆరేళ్లుగా ఆ నీళ్లలో సగం మా గోడలోకి, సగం వీధి కాలువలోకి పోయాయి. మా అవ్వ కాలంలో ఈ వాకిట్లో గరుసు మీద పరిచిన విడి బండలుండేవి. సందుల్లో గరిక మొలిచేది, పెరట్లో చేదబావికి ఎండాకాలంలోనూ నీళ్లుండేవి. ఇప్పుడు ఊళ్లో గోడ నుంచి గోడకు సిమెంటు. శుభ్రంగా ఉందని మురుస్తాం, వేసవి రాగానే బోరు ఇంకా లోతుకు దించుతాం. నేలను పూర్తిగా మూసేసిన ఇంట్లో నీళ్ల కరువు గురించి మాట్లాడుకోవడం నాకు ఇక కుదరదు.

నీటికీ ఈ రాయికీ ఉన్న చుట్టరికం మా జిల్లాలోనే కళ్లారా చూడొచ్చు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఇదే సున్నపురాయిలో నీరు తొలిచినవి, కొలిచినంత మేర 3,229 మీటర్లు. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. అంత పలచని పులుపే గుహ తవ్వితే, సీసాలో అమ్మే యాసిడ్ ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. నా పాత బండల మీద మొదటి రోజే పడిన తెల్లటి మచ్చలు ఆ యాసిడ్ పనే. నాపరాయిని మామూలు నీళ్లతో, కావాలంటే కాస్త సబ్బు నీళ్లతో కడగండి. చింతపండు రసం, నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవండి. కొత్తగా వేసిన దర్జల దగ్గర తెల్లటి ఉప్పు పొంగితే ఆరనిచ్చి పొడి చీపురుతో ఊడ్చండి, కొన్నాళ్లకు తగ్గుతుంది. బండలు కోసేటప్పుడు కట్టర్ మీద నీళ్లు పోయిస్తూ కోయించండి, కోసే మనిషికి మాస్క్ కొనివ్వండి. ఆ దుమ్ము మన వాకిట్లో ఒక్కరోజు లేస్తుంది, ఆయన ఊపిరితిత్తుల్లోకి రోజూ పోతుంది.

వారం రోజులు పొద్దునా సాయంత్రం సిమెంటు వైపు తడిపాం. కూలి లెక్క చూసేటప్పుడు మేస్త్రి కొంత డబ్బు తీసి నా చేతిలోనే పెట్టాడు. "వాన పడినాక ఇద్దువులేమ్మా. పడినరోజు ఫోన్ చెయ్యి," అన్నాడు.

పద్దెనిమిది రోజులకు పడింది. అర్ధరాత్రి మొదలై తెల్లవారేదాకా కురిసింది. వెలిసాక అమ్మ గడప దిగింది, నేను వెనకే నిలబడి చూశాను. తడి బండ మీద కాలు మోపి, నిలదొక్కుకుని, రెండో అడుగు వేసింది. ఎక్కడా నీళ్లు నిలవలేదు. గోడ మొదలు పొడిగా ఉంది. అమ్మ కుడి చేత్తో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.

ఫోన్ చేశాను. బండలు కదిలాయా, దర్జలు నిలిచాయా అని ఆయన అడగలేదు. మొదటి రోజు అడిగిందే అడిగాడు.

"నీళ్లు యాడికి పోయినాయమ్మా?"

"జామచెట్టు కిందికి అన్నా," అన్నాను.